తరంగంబాడి: ఎవరు ఎవరికిచ్చిన తీరం?

పార్లమెంటు సమావేశాలు నిరవధికంగా వాయిదాపడిన మరునాడు రాజధానిలోని విలేఖరికి ఏమీ తోచదు. చెవుల్లో ఇంకా డివిజన్ గంట మోగుతూనే ఉంటుంది. ఆ గంట విని పరుగెత్తవలసిన సభ్యులు మాత్రం ఎవరి నియోజకవర్గాలకు వారు వెళ్ళిపోయి ఉంటారు. అటువంటి ఒక విరామంలో ఈసారి నేను దక్షిణాదికి ప్రయాణమైనాను. రాజకీయాలు లేని చోట మూడు రోజులు గడపాలన్నది సంకల్పం. అలజడి లేని సముద్రం, జనసమ్మర్దం లేని ఇసుకతిన్నె, చూడదగిన నాలుగు పాత కట్టడాలు ఉంటే చాలుననుకున్నాను. ఈ కోరికకు తగిన ఊరు తరంగంబాడి అని మిత్రులు చెప్పారు. వారు చెప్పినదంతా నిజమే. అక్కడ రాజకీయాలు లేవన్నది ఒక్కటే నిజం కాదు.

తరంగంబాడి తమిళనాడులో, కావేరి డెల్టా సముద్రాన్ని తాకే అంచున ఉన్నది. ఒకప్పుడు నాగపట్టిణం జిల్లాలోనిది. 2020లో ఏర్పడిన మయిలాడుదురై జిల్లాలోకి వచ్చింది. పాశ్చాత్యుల నోట ఆ పేరు 'ట్రాంకెబార్' అయినది. అలలు పాడే చోటు అని స్థానికులు దానికి అర్థం చెబుతారు. చెన్నై నుండి తీరం వెంట దాదాపు 280 కిలోమీటర్లు. రైలులో వచ్చేవారు మయిలాడుదురైలో దిగి ముప్ఫై కిలోమీటర్ల వరకు రోడ్డున పోవాలి. ఒకప్పుడు ఊరిదాకా రైలే ఉండేది. 1926లో ప్రారంభమైన ఆ మీటరుగేజి మార్గాన్ని 1986లో మూసివేశారు. ఇంత చిన్న ఊరు చరిత్రలో పోగొట్టుకున్నవాటితో పోలిస్తే రైలు పోవడం ఒక లెక్కలోనిది కాదు.

ఊరిలోకి ప్రవేశం ఒక తెల్లని ద్వారం గుండా. దానిమీద డేనిష్ రాజచిహ్నం, 1792 అన్న అంకెలు కనిపిస్తాయి. లోపల రాజవీధి. వీధికి ఇరువైపులా ఎత్తైన స్తంభాల వసారాలు, రెండు ప్రార్థనా మందిరాలు, పాత బంగళాలు. వీధి చివర ఒక మైదానం, దాని అంచున కోట, కోట వెనుక బంగాళాఖాతం. ఊరంతా నడిచి చూడడానికి గంట కాలం చాలు. ఉత్తరాన నీటి ఒడ్డునే మాసిలామణినాథుని ఆలయం ఉన్నది. 1306 ప్రాంతంలో మారవర్మ కులశేఖర పాండ్యుని కాలంలో వెలసిన ఆ గుడి ముందు భాగాన్ని శతాబ్దాలుగా సముద్రం కొద్దికొద్దిగా మింగివేసింది.

ఈ తీరపు గాలిలో ఓజోన్ అధికంగా ఉన్నదని, అది ఆరోగ్యప్రదమని ఊరిలో గర్వంగా చెప్పుకుంటారు. ఓజోన్ ఆకాశంలో ఉంటే రక్ష, ఊపిరితిత్తుల్లోకి పోతే హాని అని శాస్త్రజ్ఞులంటారు. ఏమైనా, ఢిల్లీ పొగమంచులో శీతకాలం గడిపినవానికి ఏ సముద్రపు గాలి అయినా ఔషధమే గనుక నేను వాదన పెట్టుకోలేదు.

తెలుగు పాఠకునికి ఈ కోట దగ్గర ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. 1620 నవంబరులో ఈ తీరాన్ని డెన్మార్క్ వారికి ఇచ్చిన రాజు మరెవరో కాదు, తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు. చేమకూర వేంకటకవి 'విజయవిలాసము'ను అంకితమందిన రసజ్ఞుడు, స్వయంగా కవి. ఆయన కొలువులో తెలుగు కావ్యం వినిపించిన రోజుల్లోనే ఈ విదేశీ రాయబారమూ వినిపించింది. డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్ 1616లో ఒక తూర్పు ఇండియా కంపెనీని స్థాపించాడు. ఆయన పంపిన నౌకాదళానికి నాయకుడు ఓవె గెద్దె అనే పాతికేళ్ళ యువకుడు. మొదట సింహళంలో కాలు మోపాలని చూసి, అక్కడ పని కుదరక, ఇక్కడికి చేరాడు. ఏటా పైకం చెల్లించే షరతు మీద కోట కట్టుకొనడానికి, వర్తకం చేసుకొనడానికి రఘునాథుడు అనుమతించాడు. ఆ సందర్భంలో ఆయన డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హేగెన్‌లో భద్రంగా ఉన్నది.

ఆ కోట పేరు డాన్స్‌బోర్గ్. డేనిష్ కోటలలో విస్తీర్ణానికి దీనిది రెండవ స్థానమని, మొదటిది వారి దేశంలోని క్రోన్‌బోర్గ్ అని చెబుతారు. కళాశాలలో 'హామ్లెట్' చదువుకున్నవారికి క్రోన్‌బోర్గ్ అపరిచితం కాదు. రాకుమారునికి తండ్రి ప్రేతాత్మ కనిపించిన ఎల్సినోర్ కోట అదే. ఇక్కడ డాన్స్‌బోర్గ్ బురుజుల మీద కూడా ఒక ప్రేతకథకు సరిపడే సంగతి జరిగింది. 1640 ప్రాంతం నుండి 1669 వరకు, దాదాపు మూడు దశాబ్దాలు, డెన్మార్క్ నుండి ఇక్కడికి ఒక్క ఓడ కూడా రాలేదు. స్వదేశంలో యుద్ధాలు, ఖజానాలో లేమి. కంపెనీ దివాలా తీసింది. కోటలోని డేనిష్ వారు ఒక్కొక్కరే మరణించగా, చివరకు ఒక్కడు మిగిలి, స్థానికుల సాయంతో రాజు జెండాను నిలబెట్టుకుంటూ వచ్చాడు. మళ్ళీ ఓడ వచ్చేనాటికి జెండా ఎగురుతూనే ఉన్నది. జెండా కింద నిలబడి అన్నం పెట్టిన స్థానికుల పేర్లను మాత్రం చరిత్ర రాసుకోలేదు.

స్థానికులను పలకరించినవాడు ఒకడు తరువాత వచ్చాడు. జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ మతబోధకుడు 1706 జూలైలో సహచరునితో ఇక్కడ ఓడ దిగాడు. డెన్మార్క్ రాజు పంపగా వచ్చినా, ఒక పేద వితంతువు పక్షాన నిలిచినందుకు ఇక్కడి డేనిష్ గవర్నరు చేత నాలుగు నెలలు ఈ కోటలోనే బందీ అయినాడు. బడిపిల్లలతో కూర్చుని తమిళం నేర్చాడు. అచ్చుయంత్రం తెప్పించి తమిళ గ్రంథాలు ముద్రించాడు. దక్షిణ దేశపు దేవతల గురించి ఆయన ఒక గ్రంథం రాసి పంపితే, అన్యమతాలను నిర్మూలించమని పంపినాముగాని యూరపులో ప్రచారం చేయమని కాదంటూ అక్కడి పెద్దలు దానిని అచ్చువేయ నిరాకరించారు. అది 1867లోగాని వెలుగు చూడలేదు. ఆయన 1719లో మరణించాడు. 1718లో తాను కట్టించిన న్యూ జెరూసలేం మందిరంలోనే సమాధి ఉన్నది. ఆయన తరువాత ఇక్కడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసుకు మకాం మార్చి, తెలుగు నేర్చి, జర్మనీకి తిరిగి వెళ్ళాక 1746-47లో హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా పరిశోధకులు పేర్కొనేవి అవే. మన అక్షరం అచ్చుకెక్కిన దారి ఒకటి ఈ చిన్న ఊరి గుండా పోయిందన్నమాట.

వర్తకం గిట్టుబాటు కాని రోజు రానే వచ్చింది. 1845లో డెన్మార్క్ ప్రభుత్వం తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూరును కలిపి ఇంగ్లీషు తూర్పు ఇండియా కంపెనీకి పన్నెండున్నర లక్షల రూపాయలకు అమ్మివేసింది. కోటతో పాటు వీధులు, వీధులతో పాటు మనుషులు చేతులు మారారు. ఇంగ్లీషువారు కొంతకాలం తంజావూరు జిల్లా కలెక్టరును ఇక్కడ ఉంచి, 1860 ప్రాంతంలో కచేరీని తంజావూరుకు తరలించారు. 1861లో నాగపట్టిణానికి రైలు వచ్చింది. వర్తకులు రైలు వెంట పోయారు. ఓడలు వర్తకుల వెంట పోయాయి. మిగిలింది నిశ్శబ్దం. నేడు పర్యాటకుడు వెల పెట్టి కొనుక్కొనే తరంగంబాడి ప్రశాంతి ఆ నిశ్శబ్దమే. నాటి కలెక్టరు బంగళా ఇప్పుడు హోటలు.

పరిసరాలలో చూడవలసినవి చాలా ఉన్నాయి. అరగంట లోపు దూరంలో తిరుక్కడయూరు. మార్కండేయుని కోసం శివుడు యముని దండించిన క్షేత్రమని ప్రతీతి. అరవై నిండినవారు, ఎనభై నిండినవారు సతీసమేతంగా వచ్చి మళ్ళీ పెళ్ళి పీటల మీద కూర్చుంటారు. నేను వెళ్ళిన ఉదయం అటువంటి జంటలు బారులు తీరి ఉన్నాయి. ఆయుష్షు పొడిగించమని వేడుకొనే ఆ వరుసలో మన పార్లమెంటు సభ్యులను కూడా అప్పుడప్పుడు చూడవచ్చునని ఒక అర్చకుడు నవ్వుతూ చెప్పాడు. వారు కోరేది ఏ ఆయుష్షో నేను అడగలేదు.

ఉత్తరాన సుమారు ఇరవై కిలోమీటర్లలో పూంపుహార్. 'శిలప్పదికారం' కథ మొదలయ్యే చోళుల రేవుపట్టణం కావేరిపూంపట్టినం ఇదే. నాటి పట్టణాన్ని సముద్రం పొట్టన పెట్టుకున్నది. కావేరి కడలిలో కలిసే చోటు కూడా ఇదే. వేసవిలో అక్కడ నిలబడితే కలయికకు కావలసిన నీరు నదిలో కనిపించదు. కావేరి ట్రిబ్యునల్ 2007 తీర్పులో సముద్రంలోకి అనివార్యంగా పోయే నీటి కింద నాలుగు టి.ఎం.సి.లు లెక్కవేశారు. 2018లో సుప్రీంకోర్టు తమిళనాడు వాటాను 404.25 టి.ఎం.సి.లుగా నిర్ణయించింది. కర్ణాటక, తమిళనాడు సభ్యులు కావేరి పేరిట సభను స్తంభింపజేసిన రోజులు నాకు బాగా గుర్తు. నది చిట్టచివరి మైలును చూసినప్పుడు, ఆ కేకలలో ఈ చోటు పేరు ఎన్నడూ వినలేదే అన్న సంగతి కూడా గుర్తుకు వచ్చింది.

దక్షిణాన పదిహేను కిలోమీటర్లలోపు కారైకాల్. ఫ్రెంచివారి పాలన 1954 నవంబరు 1న ఆచరణలో ముగిసి, 1962 ఆగస్టులో చట్టరీత్యా బదిలీ పూర్తి అయిన పట్టణం. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, మన గోదావరి తీరపు యానాం అన్నీ కలిసి ఒకే లోక్‌సభ నియోజకవర్గం. కారైకాల్ జాలరి, యానాం జాలరి ఓటు వేసేది ఒకే సభ్యునికి. మరికొంత దూరం పోతే నాగూరు దర్గా. అక్కడి అయిదు మినార్లలో అన్నిటికంటె ఎత్తైనది, 131 అడుగులది, తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు కట్టించినది. ఇంకా దక్షిణాన వేళాంగణ్ణి మాత మందిరం. ఒక్కరోజు ప్రయాణంలో గుడి, దర్గా, చర్చి మూడూ చూసి, మూడుచోట్లా అదే జనాన్ని చూడవచ్చు. ఈ సంగతి ఢిల్లీలో చెబితే ఉపన్యాసమంటారు; ఇక్కడ ఇది బస్సు ప్రయాణం.

మూడవనాడు తెల్లవారుజామున తీరానికి వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు కనిపించాడు. నాకు వచ్చిన అరకొర తమిళంతో పలకరించాను. ఆయన మాటను కొంత ఆయన మనుమడు విడమరచి చెప్పాడు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నాగపట్టిణం జిల్లా ఒక్కదానిలోనే ఆరువేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఈ ఊరు కూడా వందలమందిని పోగొట్టుకున్నది. ఆ తరువాత ఆయన కుటుంబం తీరం విడిచి లోపలి కాలనీలోని పక్కా ఇంటికి మారింది. "ఆ ఇంట్లో పిల్లలు భయం లేకుండా పడుకుంటారయ్యా, అది నిజమే. కాని మునుపు సముద్రం ఎలా ఉన్నదో మంచం మీదనే చెవికి తెలిసేది. ఇప్పుడు చూసుకోవాలంటే చీకట్లో నడిచి రావాలి" అన్నాడు. కొంతసేపు ఊరుకొని, "మేము వదిలి వచ్చిన చోటు రేపు ఎవరిదవుతుంది?" అని అడిగాడు. ఢిల్లీ నుండి వచ్చినవానికి తెలిసి ఉంటుందని ఆయన ఉద్దేశం కాబోలు.

ఈ ప్రశ్నకు సమాధానం కాగితాలలో వెతకవలసినదే. 2005 మార్చిలో తమిళనాడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పోటు గీతకు 200 మీటర్లలోపు ఇల్లు దెబ్బతిన్నవారు దూరంగా వెళ్ళడానికి ఒప్పుకుంటే లక్షన్నర రూపాయల విలువైన కొత్త ఇల్లు ఉచితం. పాత ఇంటిని, స్థలాన్ని ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. ఉన్నచోటనే ఉంటామంటే ఉండవచ్చు. బాగుచేసుకొనడానికి ప్రభుత్వ సహాయం మాత్రం ఉండదు. రక్షణ దృష్టితో చూస్తే ఈ ఉత్తర్వును తప్పుపట్టలేము. అన్నీ పోగొట్టుకున్న మనిషి ముందు పెట్టిన ఈ ఎంపికలో ఎంచుకొనడానికి ఏమున్నదన్నది వేరే ప్రశ్న.

తీరాన గీత గీయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో గుర్తుచేసుకొనడం అవసరం. 1981 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాస్తూ, పోటు గీత నుండి 500 మీటర్ల వరకు తీరాన్ని నిర్మాణాలు లేకుండా కాపాడాలని కోరారు. 1986 పర్యావరణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో ఆ కోరిక ప్రకటన రూపం ధరించింది. గ్రామీణ తీరాలలో తొలి 200 మీటర్లు నిర్మాణ నిషిద్ధ ప్రాంతం అయినది. ఆ తరువాత ఇరవై ఏళ్ళలో దానికి సుమారు పాతిక సవరణలు జరిగాయి. 2011లో కొత్త ప్రకటన, 2019 జనవరిలో మరొకటి వచ్చాయి. 2019 ప్రకటన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరాలలో, తీర ప్రణాళిక ఆమోదం పొందిన తరువాత, నిషిద్ధ ప్రాంతం 50 మీటర్లకు తగ్గుతుంది. పోటు గీతకు పది మీటర్లు దాటితే బీచి మీద పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలు వేయవచ్చు. తీరవాసుల ఇళ్ళలో అతిథులకు బస ఇచ్చే అవకాశం కూడా అదే ప్రకటన కల్పించినదన్న మాట నిజమే. దానిని దాచడం న్యాయం కాదు. కాని 200 మీటర్లు అపాయమని జాలరిని లోపలికి పంపిన తీరానికి, పదిహేనేళ్ళు తిరగకముందే పది మీటర్లు సురక్షితమని మరొకరిని పిలవడంలోని తర్కం సామాన్యునికి బోధపడదు.

చట్టం చేసింది పార్లమెంటు. గీతలు గీసేది గెజిట్ ప్రకటన. దానికి సభలో ఓటు అక్కరలేదు. సభా కార్యక్రమంలో అందరి దృష్టిని ఆకర్షించేది గొడవ. ఊళ్ళ తలరాతలు మారేది మాత్రం ఎవరూ తల ఎత్తి చూడని పత్రాలలో. ముప్ఫై ఏళ్ళు గ్యాలరీలో కూర్చున్నవాడిగా ఈ తప్పులో నా వృత్తికి కూడా వాటా ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

నేల మీది గీతలే కాదు, నీటి మీది గీత కూడా ఈ జాలరిని అడిగి గీసినది కాదు. 1974లో కచ్చతీవు శ్రీలంకకు చెందుతుందన్న ఒప్పందం జరిగింది. 1976లో మరో ఒప్పందంతో సముద్ర సరిహద్దు పూర్తి అయినది. రెండు దేశాల మైత్రికి సరిహద్దు అవసరమే కావచ్చు. ఉత్తర శ్రీలంక జాలరి కూడా పేదవాడే. మన పెద్ద మరపడవలు తన వలలను చింపుతున్నవన్న ఆయన ఫిర్యాదు అబద్ధం కాదు. అయితే నాగపట్టిణం, కారైకాల్ పడవలు పట్టుబడినప్పుడల్లా సభలో కేకలు, విదేశాంగశాఖ నుండి ఒక లేఖ, కొన్నాళ్ళకు విడుదల — ఈ వరుస దశాబ్దాలుగా మారలేదు. ఒడ్డు నుండి ప్రశాంతంగా కనిపించే సముద్రం ఆ గీత దగ్గర ప్రశాంతంగా ఉండదు.

సునామీ నుండి దేశం ఏమీ నేర్వలేదని అనలేము. సంవత్సరం తిరిగే వేళకు, 2005 డిసెంబరులో, పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. 2007 అక్టోబరు నుండి హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం సునామీ హెచ్చరికలు ఇస్తున్నది. సముద్రానికి దూరంగా ఉన్న మన నగరం సముద్రం మీద రాత్రింబవళ్ళు కన్ను వేసి ఉండడం తెలుగువారు గర్వించదగినదే. నీటి నుండి వచ్చే అపాయానికి ఆ విధంగా కాపలా ఏర్పడింది. నేల వైపు నుండి వచ్చే అపాయానికి కాపలా ఎవరన్నదే ఆ వృద్ధుడు నన్ను అడిగినది.

పర్యాటకం వద్దని నేననను. ఆ హోటళ్ళ వల్ల ఊరిలో కొందరికి ఉపాధి ఉన్నది. నేను కూడా అటువంటి గదిలోనే మూడు రాత్రులు సుఖంగా నిద్రించాను. భీమిలి, సూర్యలంక, మైపాడు తీరాలకు కూడా రేపు ఇటువంటి యోగమే పట్టవచ్చు. కాబట్టి మనవారు అడగవలసినది ఒక్కటి ఉన్నది. జాలరి ఖాళీ చేసిన స్థలం తీరంగానే ఉండాలని, పడవలు నిలపడానికి, వలలు ఆరవేయడానికి తొలి హక్కు ఆయనదేనని ఒక ప్రకటనలో కాదు, చట్టంలో రాయాలి. అడవిలో నివసించేవారి హక్కులకు 2006లో చట్టం చేసిన పార్లమెంటుకు ఇది అసాధ్యమైన పని కాదు.

రఘునాథుడు ఈ తీరాన్ని బంగారు రేకు మీద రాసి ఇచ్చాడు. డెన్మార్క్ రూపాయలు తీసుకొని అమ్మింది. మన ప్రభుత్వాలు గెజిట్ కాగితం మీద గీతలు జరుపుతున్నాయి. నాలుగు వందల ఏళ్ళలో కాగితం మారింది. సంతకం చేసేవారు మారారు. అడగకుండా వదిలినవారు మాత్రం ఒక్కరే.

నేను బయలుదేరిన ఉదయం ఆ వృద్ధుని పడవ అప్పటికే నీటి మీద ఉన్నది. ఆయన ప్రశ్నకు సమాధానం చెప్పలేకుండానే మయిలాడుదురైలో రైలెక్కాను. పార్లమెంటు మళ్ళీ సమావేశమైనప్పుడు గ్యాలరీలో కూర్చుని, కేకలు కొంచెం పక్కన పెట్టి, సభ ముందుంచిన పత్రాలను ఒక్కొక్కటే చదవాలనుకుంటున్నాను.